తొమ్మిది గంటల దూరము



పిల్లలు పరదేశములో ఉన్న ఇండ్లలో గోడ మీద ఒక్క గడియారమే ఉన్నా, ఆ ఇంటి తల్లి మనసులో రెండు గడియారాలు నడుస్తుంటాయి. "ఇప్పుడు వాడికి అర్ధరాత్రి", "ఈపాటికి అమ్మాయి నిద్ర లేచి ఉంటుంది" అని వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూనే పప్పులో పోపు వేస్తుంది. లండను లెక్క, న్యూయార్కు లెక్క చాలామందికి నోటికి వచ్చేశాయి. కాని కెనడా దేశపు తూర్పు కొసన, న్యూఫౌండ్‌ల్యాండ్ అనే ద్వీపములో, సెయింట్ జాన్స్ అనే రేవు పట్టణము ఉన్నది. అక్కడి మెమోరియల్ యూనివర్సిటీకి ఇప్పుడు మన పిల్లలూ వెళుతున్నారు. ఆ పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, ఏ దేశము లెక్క చూసినా చివర అరగంట మిగులుతుంది గదా, ఈ ఊరికి మాత్రము సరిగ్గా తొమ్మిది గంటలు ఎలా వచ్చింది?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు వెదుకుతూ పోతే కాకినాడ, సెయింట్ జాన్స్ అనే రెండు సముద్రతీర పట్టణాల బ్రతుకులు పక్కపక్కన కనబడతాయి. ఈ నెల ఆ రెండు ఊళ్ళనూ కలిపి చూద్దాము.

రెండు అరగంటలు

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషాలు. 1884లో వాషింగ్టనులో జరిగిన సభలో ఇంగ్లాండులోని గ్రీనిచ్ రేఖను లెక్కకు మొదలుగా పెట్టుకున్నారు. ఆ తరువాత చాలా దేశాలు తమ గడియారాలను గ్రీనిచ్‌కు నిండు గంటల తేడాతో సరిచేసుకున్నాయి. మన దేశము మాత్రము తూర్పున 82న్నర డిగ్రీల రేఖను తీసుకున్నది. అందుకే మనకు ఐదున్నర గంటలు.

ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూరు దగ్గరగా వస్తుందని పిల్లల పాఠ్యపుస్తకాలలో ఉంటుంది. అదే రేఖ దక్షిణానికి దిగి, కాకినాడకు ఈశాన్యముగా, తుని దగ్గరి తీరములో సముద్రాన్ని చేరుతుందన్న సంగతి మన గోదావరి ప్రాంతములో చాలామంది ఎరుగరు. దేశమంతటికీ ఒకే గడియారము ఉన్నా, గడియారము పన్నెండు కొట్టినప్పుడు సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉండే ఊళ్ళలో కాకినాడ ఒకటి.

ఈ గడియారము మనకు మొదటినుండి ఉన్నది కాదు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక సమయము వచ్చేంతవరకు మన రైళ్ళు మద్రాసు నక్షత్రశాల చెప్పిన టైము ప్రకారము నడిచేవి. అది ఇప్పటి టైముకు సుమారు 9 నిమిషాలు వెనుక. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ సొంత టైములను వదలలేదు. ఊరి గడియారాన్ని మార్చడము అంత తేలిక కాదు.

ఇక సెయింట్ జాన్స్ సంగతి. ఆ ఊరు పడమరన 52 డిగ్రీల 43 నిమిషాల రేఖాంశము మీద ఉన్నది. న్యూఫౌండ్‌ల్యాండ్ అప్పటికి కెనడాలో భాగము కాదు, వేరే పాలన. ఊరి సూర్యుడు చెప్పినట్లే గడియారము పెట్టుకోవాలని, గ్రీనిచ్‌కు 3 గంటల 30 నిమిషాల 52 సెకన్లు వెనుకగా పెట్టుకున్నారు. 1935లో ఆ 52 సెకన్లను వదిలేశారు గాని అరగంటను వదలలేదు. 1949లో కెనడాలో కలిశారు, అప్పుడూ వదలలేదు. 1963లో అక్కడి ప్రభుత్వము పొరుగు రాష్ట్రాల టైములోనికి మార్చబోతే ప్రజలు గట్టిగా ఎదురు తిరిగారు. ప్రభుత్వము వెనక్కి తగ్గింది. కెనడా రేడియోలో ఏ కార్యక్రమము ఎన్ని గంటలకో ప్రకటించి, చివర "న్యూఫౌండ్‌ల్యాండ్‌లో అరగంట తరువాత" అని చెప్పడము ఆ దేశములో ఒక నానుడిగా మారింది.

ఇప్పుడు లెక్క చూడండి. తూర్పున మన 82న్నర, పడమరన వారి 52న్నర, కలిపితే 135 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 540 నిమిషాలు, అనగా తొమ్మిది గంటలు. ఇటు అరగంట, అటు అరగంట కలిసి నిండు గంట అయినవి. అడిగిన తల్లిదండ్రులకు ఇదే జవాబు.

పగలు, రాత్రి

అయితే ఈ తొమ్మిది గంటలు ఏడాది పొడుగునా ఉండవు. అక్కడ మార్చి నెల రెండవ ఆదివారమున గడియారాలను గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారమున వెనక్కి తిప్పుతారు. వేసవి వెలుగును వాడుకోవడానికి 1917లోనే న్యూఫౌండ్‌ల్యాండ్ ఇందుకు చట్టము చేసింది. 1988లో ఒకసారి రెండు గంటలు ముందుకు తిప్పి చూశారు గాని మరుసటి ఏడు ఆ పద్ధతి కొనసాగలేదు. కాబట్టి వేసవిలో మనకూ వారికీ ఎనిమిది గంటలే తేడా.

మన ఇళ్ళలో కంగారు పుట్టేది ఇక్కడే. శనివారము ఉదయము పదింటికి ఫోను చేసే పిల్లవాడి మాట అక్టోబరులో మనకు సాయంత్రము ఆరింటికి వినబడుతుంది. నవంబరు మొదటి వారము దాటాక ఆరు అవుతుంది, ఆరున్నర అవుతుంది, ఫోను రాదు. తల్లి గుండెల్లో రాయి పడుతుంది. ఏడింటికి ఫోను మోగుతుంది. పిల్లవాడు ఆలస్యము చేయలేదమ్మా, వాడి ఊరి గడియారము వెనక్కి జరిగింది. క్యాలెండరులో ఆ రెండు ఆదివారాలకు గుర్తు పెట్టుకుంటే చాలు.

మరికొన్ని లెక్కలు. చలికాలములో మన ఆదివారపు ఆరాధన ఉదయము తొమ్మిదింటికి మొదలైతే అక్కడ శనివారము ముగిసి తారీఖు మారే అర్ధరాత్రి. డిసెంబరు 31 అర్ధరాత్రి మనము క్రొత్త సంవత్సరము ప్రార్థనలో ఉన్నప్పుడు అక్కడ ఇంకా మధ్యాహ్నము మూడు గంటలు. వారికి క్రొత్త సంవత్సరము వచ్చేసరికి మనము జనవరి 1 ఉదయము తొమ్మిది గంటల ఆరాధనలో ఉంటాము.

పగటి పొడవులో తేడా ఇంకా పెద్దది. కాకినాడలో ఏడాదిలో అతి పొడవైన పగలు 13 గంటలకు కొంచెము పైన, అతి పొట్టి పగలు 11 గంటలకు కొంచెము పైన. మనకు చీకటి ఎప్పుడు పడుతుందో ఏడాదంతా ఇంచుమించు తెలిసిందే. సెయింట్ జాన్స్‌లో జూను మూడవ వారములో పగలు దాదాపు 16 గంటలు. డిసెంబరులో ఎనిమిదిన్నర గంటలు కూడా ఉండదు, సాయంత్రము నాలుగుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు. జూనులో అక్కడ రాత్రి తొమ్మిదింటికి అస్తమించిన సూర్యుడు అరగంటైనా తిరక్కుండా ఉప్పాడ తీరములో ఉదయిస్తాడు. మొదటి చలికాలములో మన పిల్లలు ఫోనులో దిగులుగా మాట్లాడితే బెంగకు తోడు ఈ చీకటి కూడా ఒక కారణమని పెద్దలు గ్రహించాలి.

ఒడ్డున బ్రతుకు

సెయింట్ జాన్స్ అంటే బాప్తిస్మమిచ్చు యోహాను పేరు. జాన్ కాబట్ అనే నావికుడు 1497 జూన్ 24న, యోహాను పండుగనాడు, ఆ రేవులో ప్రవేశించాడని అక్కడివారు పరంపరగా చెప్పుకుంటారు. 2021 లెక్కలలో ఆ పట్టణపు జనాభా సుమారు 1,10,000. కాకినాడ 2011లోనే మూడు లక్షలు దాటింది. రెండు కొండల నడుమ ఇరుకైన దారి గుండా ఓడలు అక్కడి రేవులోనికి వస్తాయి. మన రేవుకు కొండలు లేవు, హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె అడ్డుగా ఉండి అలల నుండి కాపాడుతున్నది.

మన బోట్లు ఫ్యాక్టరీలో ఐసు కొని, గోతాలకెత్తి సముద్రములోనికి తీసుకొని వెళతాయి. అక్కడ వసంతకాలములో సముద్రమే మంచుకొండలను ఉత్తరము నుండి ఒడ్డు దాకా తెచ్చి చూపిస్తుంది. మనకు మే నెల ఎండ, వారికి జనవరి మంచు. 2020 జనవరి 17న ఒక్క రోజులో 76 సెంటీమీటర్ల మంచు పడి ఊరు ఊరంతా స్తంభించిపోయింది.

ఇన్ని తేడాలున్నా ఒడ్డున పని ఒక్కటే. అక్కడ 'చేప' అని ఊరకే అంటే కాడ్ అనే చేప అని అర్థము. మిగతా చేపలను వాటి పేర్లతో పిలుస్తారు. పూర్వము మగవారు కాడ్ పట్టి తెస్తే, ఆడవారు, పిల్లలు ఒడ్డున దానిని చీల్చి, ఉప్పు వేసి, కర్రల మంచెల మీద ఎండబెట్టేవారు. వాన చినుకు పడితే పరుగెత్తి కప్పేవారు. మన తీరములో ఇసుక మీద నెత్తళ్ళు, కవళ్ళు ఎండబెట్టుకునే అక్కచెల్లెళ్ళకు ఈ పరుగు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడి షావుకారు వసంతములో వలలు, పిండి, సరుకులు అప్పు ఇచ్చి, చేప ఎండాక తాను కట్టిన ధరకు చెల్లు వేసుకునేవాడు. బెస్తవాని చేతికి డబ్బు వచ్చేది అరుదు. బోటు ఎక్కకముందే అడ్వాన్సు తీసుకొని, దిగాక ధర అడగలేని మనిషి మన రేవులోనూ ఉన్నాడు.

దుఃఖము కూడా ఒక్కటే. 1982 ఫిబ్రవరి 15న సెయింట్ జాన్స్‌కు తూర్పున సముద్రములో ఓషన్ రేంజర్ అనే చమురు రిగ్గు తుపానులో మునిగి, దాని మీద ఉన్న 84 మందీ చనిపోయారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. వేటకు వెళ్ళిన ఎందరో తిరిగి రాలేదు. వెళ్ళినవాడు ఏ వేళకు వస్తాడో అని చూడడము ఏ ఊరిలోనైనా ఒకే రకముగా ఉంటుంది. ఆ చూపుకు టైముల తేడా లేదు.

కెనడా దేశముతో మన తీరానికి పాత బంధమే ఉన్నది. 1874లో కెనడా బాప్తిస్టు మిషనెరీ జాన్ మెక్లారిన్ గారు కాకినాడ వచ్చారు. వారి పేరుతో ఇక్కడ హైస్కూలు ఉన్నది. ఆ రోజులలో ఇంటి నుండి ఉత్తరము రావాలంటే ఓడ మీద వారాల తరబడి ఆగవలసిందే. అట్లాంటిక్ మహాసముద్రము దాటిన మొదటి వైర్‌లెస్ సంకేతము చేరినది సెయింట్ జాన్స్‌కే. 1901 డిసెంబరు 12న అక్కడి సిగ్నల్ హిల్ అనే కొండ మీద మార్కోనీ గాలిపటము ఎగురవేసి, దానికి కట్టిన తీగ ద్వారా ఇంగ్లాండు నుండి వచ్చిన మూడు చుక్కల శబ్దము విన్నాడు. ఈనాడు సుమారు 11,500 కిలోమీటర్ల దూరములో ఉన్న బిడ్డ ముఖమును మన అరచేతిలో చూస్తున్నాము.

సముద్రానికి ఇవ్వని విశ్రాంతి

ఇప్పుడు మేము చెప్పదలచిన అసలు సంగతికి వస్తున్నాము.

న్యూఫౌండ్‌ల్యాండ్ వారు నాలుగు శతాబ్దాలకు పైగా కాడ్ చేప మీద బ్రతికారు. చిన్న పడవలవారికి ఒక కాలము ఉండేది. వేసవిలో చేప ఒడ్డు దగ్గరకు వచ్చినప్పుడు పట్టేవారు, చలికాలములో చేప లోతుకు వెళితే వీరు వలలు బాగుచేసుకునేవారు. 1950ల తరువాత దూరదేశాల నుండి పెద్ద ఫ్యాక్టరీ ఓడలు వచ్చాయి. వాటికి రాత్రి లేదు, చలికాలము లేదు. చేప గుంపుగా చేరి గుడ్లు పెట్టే చోటనే, ఆ నెలలలోనే పట్టి, ఓడలోనే గడ్డకట్టించేవి. 1968లో ఉత్తరపు కాడ్ వేట 8,00,000 టన్నులు దాటింది. 1977లో కెనడా తన హద్దును 200 మైళ్ళకు పెంచి విదేశీ ఓడలను తగ్గించింది గాని, వాటి స్థానములో తన సొంత ట్రాలర్లను పెంచుకున్నది. చేప చిన్నదవుతున్నది, తగ్గిపోతున్నది అని ఒడ్డునున్న చిన్న పడవలవారు 1980లలోనే మొరపెట్టుకున్నారు. పై అధికారుల లెక్కలలో చేప ఇంకా పుష్కలముగా ఉన్నది.

1992 జూలై 2న కెనడా ప్రభుత్వము ఉత్తరపు కాడ్ వేటను మూసివేసింది. రెండేళ్ళకని మొదలుపెట్టారు. సుమారు 30,000 మంది పని పోయింది. వారానికింత అని భృతి ఇచ్చారు, వేరే పనులు నేర్పించారు. కాని తాత పడవ ఎక్కిన వేళకే తానూ పడవ ఎక్కిన మనిషి ఉదయము లేచి ఏమి చేయాలి? గడియారము నడుస్తున్నది గాని అది చెప్పే పని లేదు. యువకులు ఊళ్ళు విడిచి కెనడాలోని ఇతర రాష్ట్రాలకు వెళ్ళిపోయారు. 1991లో ఆ రాష్ట్ర జనాభా 5,68,474. 2001 నాటికి 5,12,930. పది సంవత్సరాలలో ప్రతి పదిమందిలో ఒకరు తగ్గినట్లు. పీతలు, రొయ్యల వేట కొందరిని నిలబెట్టింది. రెండేళ్ళకని మూసిన వేట 32 సంవత్సరాలు మూతబడి, 2024 జూనులో తిరిగి తెరుచుకున్నది. అప్పుడు అనుమతించినది 18,000 టన్నులు మాత్రమే. 1968 నాటి వేటలో అది నలభయ్యో వంతుకన్నా తక్కువ.

ఆలోచించండి. ఆ ప్రజలు తమ అరగంట కోసము ప్రభుత్వముతో పోరాడి గెలిచారు. గడియారపు అరగంటను ఎవరికీ ఇవ్వలేదు. కాని చేపకు అవసరమైన కొద్ది నెలల కాలమును కాపాడమని చిన్న పడవలవారు అడిగితే వినేవారు లేకపోయారు. ఏటా కొద్ది నెలలు ఇవ్వనందుకు చివరకు 32 సంవత్సరాలు ఇవ్వవలసి వచ్చింది. ఏడవ యేట భూమిని విశ్రమింపనియ్యవలెనని పూర్వము ఆజ్ఞ పొందిన ప్రజల సంగతి మన పాఠకులకు తెలుసు. ఆ మాట నేలకే కాదు, నీళ్ళకూ వర్తిస్తుంది.

మన 61 రోజులు

మన తూర్పు తీరములో ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరబోట్లకు, ఇంజను పడవలకు వేట నిషేధము. మొదట 47 రోజులుగా ఉన్నదానిని 2015లో 61 రోజులు చేశారు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలమిది. నిషేధ కాలపు భృతిని 2025లో రాష్ట్ర ప్రభుత్వము కుటుంబానికి 20,000 రూపాయలకు పెంచింది. అయినా ఆ రెండు నెలలు బెస్తవారి ఇళ్ళలో ఎంత బరువుగా నడుస్తాయో జగన్నాథపురము, ఉప్పాడ వీధులలో తిరిగేవారికి తెలుసు. బడి ఫీజు, పెండ్లి, పాత అప్పు, ఏదీ 61 రోజులు ఆగదు. "సముద్రము ఎదురుగా ఉన్నది, పడవ ఉన్నది, ఇంట్లో బియ్యము లేవు, ఎందుకు ఆగాలి?" అని అడిగే యువకునికి చట్టము పేరు చెబితే సరిపోదు. సెయింట్ జాన్స్ కథ చెప్పాలి. ఈ 61 రోజులు శిక్ష కాదు, 32 సంవత్సరాలు రాకుండా కట్టుకునే గట్టు.

అయితే గట్టు బరువంతా వాడి ఒక్కడి భుజము మీదనే పెట్టడము న్యాయము కాదు. పట్టణములో ఉన్న మనమూ కొంత మోయాలి. నిషేధ కాలములో దొంగచాటుగా వచ్చిన చేపకు ఎక్కువ ధర ఇచ్చి ఎగబడవద్దు. వేలెడంత పిల్లచేపలను చవక అని కొనవద్దు. అవి పెరిగితే వచ్చే ఏటి కూర. ఆ రెండు నెలలలో బెస్తవారి బిడ్డ బడి పుస్తకాలకో ఫీజుకో సాయము కావాలంటే, వడ్డీ లేకుండా సర్దగలిగినవారు సర్దండి. సంఘాలు కూడా జూనులో బళ్ళు తెరిచేనాటికి ఇందుకు కొంత డబ్బు సిద్ధము చేసి ఉంచడము మంచిది.

ఇక సెయింట్ జాన్స్‌లో బిడ్డలున్న తల్లిదండ్రులకు ఒక మాట. మన రాత్రి ఎనిమిది గంటలు వారికి చలికాలములో ఉదయము పదకొండు, వేసవిలో మధ్యాహ్నము పన్నెండు. సెలవు దినమైన శనివారము ఆ వేళ ఇద్దరికీ అనుకూలము. మన ఉదయము ఆరింటికి చేస్తే వారికి రాత్రి తొమ్మిదో పదో అవుతుంది, చదువుకునే బిడ్డకు ఇబ్బంది లేదు. మన మధ్యాహ్నము భోజనాలయ్యాక మాత్రము చేయకండి, వారికి తెల్లవారుజాము. ఫోనులో మార్కులు, వీసా, ఉద్యోగము అడగడము అయ్యాక, ఆ ఊరి రేవు ఎలా ఉన్నది, ఈ రోజు ఎండ కాసిందా, మంచు పడిందా అని కూడా అడగండి. చెప్పడానికి ఆ బిడ్డకు ఎంతో ఉంటుంది. మన రేవు కబుర్లు మీరూ చెప్పండి.